నా పేరు లేని పేపరు

తొంభైల చివర్లో మా వైపు ఒక పెద్దాసుపత్రిలో కిడ్నీ జబ్బుల విభాగంలో డాక్టరుగా పనిచేసేదాన్ని. మొగల్తూరు అవతల సముద్రపొడ్డు నుంచి చేపల వేటకెళ్లే మనిషొకడు పాదాలు వాచి మా వార్డులో చేరాడు. మందులకు వాపు తగ్గింది. ఇంటికి పంపుదామనుకుంటున్న ఉదయం, మంచం మీద కూర్చుని ఇడ్లీ తింటూనే పోయాడు.

అతని భార్య ఏడవలేదు. నా ఎదురుగా నిలబడి అడిగింది.

"కిడ్నీ బాగుపడతందన్నారు గదండీ. మరి గుండె ఆగిపోవడమేంటండీ?"

పాత కేసు షీట్లు తీసి చూస్తే అలా పోయినవాళ్లు ఇంకా కనబడ్డారు. కిడ్నీలు పూర్తిగా చెడకముందే వాళ్ల గుండె దెబ్బతింటోంది. మేమంతా కిడ్నీ వైపే చూస్తున్నాం. అప్పట్నుంచి సెలవు రోజుల్లో ఈసీజీ మిషను ఒళ్లో పెట్టుకుని నరసాపురం బస్సెక్కేదాన్ని. అక్కడినుంచి ఆటోలో ఒడ్డు ఊళ్లలో కిడ్నీ జబ్బున్నవాళ్ల ఇళ్లకు. కడుపుతో ఉన్నానని తెలిసాక కూడా మానలేదు. ఎండుచేపల వాసనకు కడుపులో తిప్పితే ఏ ఇంటి వెనక్కో వెళ్లి వాంతి చేసుకుని, మొహం కడుక్కుని, మళ్లీ వచ్చి మిషను పెట్టేదాన్ని.

అంతా పరిశోధన పేపరుగా రాసి మా ప్రొఫెసరు గారికిచ్చాను. గుండె, కిడ్నీ జబ్బుల మీద ఆయన పేపర్లు చాలా వచ్చాయి. పెద్ద పేరు. నాలుగు పేజీలు తిరగేసి పక్కన పెట్టేశారు.

"ఇదెవరు వేస్తారమ్మా? ముందు డెలివరీ చూసుకోండి."

ప్రసవమయ్యాక తిరిగొచ్చి డ్యూటీలో చేరాను. ఆ వారమే లైబ్రరీలో కొత్త జర్నల్ తెరిస్తే నా పేపరు కనబడింది. నా వాక్యాలే, నేను గీసిన గ్రాఫులే. మొదటి పేరు ఆయనది, రెండోది మా విభాగంలోనే ఉన్న ఆయన అల్లుడిది. ఆ అల్లుడు గారు మొగల్తూరు దారి కూడా ఎరగరు. చివర్లో కృతజ్ఞతల్లో ల్యాబ్ వాళ్ల పేర్లున్నాయి. నాది లేదు.

జర్నల్ పట్టుకుని ఆయన గదికి వెళ్లాను. ఆయన ఏమాత్రం తడబడలేదు.

"మీరు లీవులో ఉన్నారు కదమ్మా. సంతకం పెట్టడానికి మనిషుండాలి."

"మా ఇల్లు పక్క వీధేనండి."

"పచ్చి బాలింతని ఇబ్బంది పెట్టడమెందుకని ఊరుకున్నాను."

అలా అనేసరికి దయ ఆయనది, ఫిర్యాదు నాది అయిపోయింది.

తర్వాత ప్రమోషన్ ఇంటర్వ్యూకి వెళ్లాను. కమిటీలో ఆయన కూడా ఉన్నారు. పేపర్లెన్ని వచ్చాయని ఎవరో అడిగితే, లేవండీ అన్నాను. ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ, "డాక్టరుగా మంచి పేరేనండి. రీసెర్చ్ వైపు మాత్రం ఆసక్తి తక్కువ" అన్నారు. ఆ ఉద్యోగం అల్లుడు గారికి వచ్చింది. నేను రాజీనామా చేసి నరసాపురంలో ఇంటి ముందు గదిలోనే చిన్న క్లినిక్ పెట్టుకున్నాను.

ఆయన రిటైరైనప్పుడు రాజమండ్రిలో సన్మానం చేశారు. అల్లుడు గారు ఫోన్ చేశారు. "మావయ్యగారి పేపర్ల వివరాలు స్టేజి మీద చదవాలండి. మీరైతే స్పష్టంగా చదువుతారు." వస్తానన్నాను. ఆ పేపరు నాదని నలుగురిలో చెప్పి తీరాలని మా ఆయనతో అని మరీ బయల్దేరాను.

పేపర్ల పేర్లు వరసగా చదివాను. నా పేపరు దగ్గరకొచ్చి ఆగాను.

"ఈ పేపరులో ఉన్న పేషెంట్లందర్నీ చూసింది నేనండి. రాసింది కూడా నేనే."

ప్రొఫెసరు గారు నవ్వుతూ లేచి నా చేతిలోని మైకు తీసుకున్నారు.

"నిజమేనండి. ఈ అమ్మాయి అప్పట్లో నాకు చాలా సాయం చేసింది. కడుపుతో ఉండి కూడా!"

అందరూ చప్పట్లు కొట్టారు. ముందు వరసలో ఒకావిడ కళ్లొత్తుకుంది. ఎవరో నా భుజాల మీద కూడా ఒక శాలువా కప్పారు. ఫొటో కోసం ఆయన నన్ను పక్కన నిలబెట్టుకున్నారు. మిగిలిన పేపర్ల పేర్లు అల్లుడు గారు చదివేశారు.

ఇంటికొచ్చేసరికి మా ఆయన వీధి గుమ్మంలోనే ఎదురొచ్చారు.

"చెప్పావా?"

"చెప్పాను."

"ఏమన్నారు?"

"సాయం చేశానన్నారు."

క్లినిక్ ముందు బెంచీ మీద పేషెంట్లు కూర్చుని ఉన్నారు. చీర కూడా మార్చుకోకుండా వెళ్లి మొదటి మనిషిని పిలిచాను.