తలకిందులైన బకెట్టు, మా బావ బాణాలు

మా బావ వెంకటరమణ ఇక లేరు. నెల కిందట ఒక పొద్దున పాలకని మెట్లు దిగుతూ కూలబడ్డారని అక్క ఫోన్ చేసింది. పత్రికాఫీసులో ఎందరి మరణవార్తలో దిద్దినవాణ్ణి, ఈ నాలుగు మాటలు రాయడానికి కుర్చీలో కుదురు దొరకడం లేదు. లేచి తిరుగుతున్నాను. ఆయనా అంతే. మడివాళలో తన ఇంటి మేడమీది రేకుల గదిలో ఫిజిక్స్ చెబుతూ నిలిచినచోట నిలిచేవారు కాదు.

గుండ్రంగా తిరిగే వస్తువు మీద బలాల బొమ్మ గీయించడం ఆయనకు ప్రాణం. పిల్లలు చూడగానే బయటి వైపు ఒక బాణం వేసేస్తారు. బావ దాని మీద వేలు పెట్టి, "దీన్ని తోసేది ఎవరప్పా? పేరు చెప్పు" అనేవారు. పేరు లేని బాణం చెరిపేయాల్సిందే. వస్తువు చుట్టూ వేలు తిప్పి, దాన్ని ముట్టుకున్నవాటికే బాణం ఇవ్వాలి. "ముట్టకుండా లాగే హక్కు భూమికొక్కదానికే ఉండాది."

ఇంత తీరిక లేదని ఆయన పాఠాలు చెప్పడానికి వెళ్ళే ఒక కోచింగ్ సెంటరువారు అన్నారు. బయటి బాణంతో సరిపెట్టినా జవాబు వస్తుంది కదా అన్నారు. వస్తుందని ఒప్పుకున్నారు బావ. మర్నాటి నుంచి అక్కడికి వెళ్ళలేదు.

ఆయన చివరి పాఠం నీళ్ల బకెట్టు. గిరగిరా తిప్పితే, తలకిందులైన క్షణాన నీళ్ల మీద బలాలేవి? భూమి కిందికి లాగుతుంది, బకెట్టు అడుగూ కిందికే తోస్తుంది. ఆయన దగ్గర చదువుకునే కవిత ఒప్పుకోలేదు. ఆమె తల్లి బొమ్మనహళ్ళిలో గార్మెంట్ యూనిట్‌లో కుడుతుంది. ఎంట్రన్సు ఒకసారి తప్పిన కవిత, ఈసారీ తప్పితే తల్లి పక్కన మిషన్ ఎక్కాలని ఇంట్లో ఒప్పందం.

"రెండూ కిందికే అయితే నీళ్లెందుకు పడవు సార్? పైకొకటి ఉండల్ల."

"పైకి తోసేదెవరో కనుక్కొని రేపు రామ్మా."

ఆ రేపటికి ఆయన లేరు.

కర్మ ముగిసిన రోజు తల్లీ కూతురూ వచ్చారు. సారే లేనప్పుడు ఇంకెవరు చెబుతారు, పిల్లను యూనిట్‌లో పెట్టేస్తానని తల్లి అక్కతో అంటుండగా మేడమీద నీళ్ల చప్పుడైంది. అందరం వెళ్ళి చూస్తే, కవిత తడిసిన బట్టలతో బకెట్టు తిప్పుతోంది. ఆపి, నేల మీద సుద్దతో బొమ్మ గీసి, చుట్టూ వేలు తిప్పింది. కిందికి రెండే బాణాలు.

"నీళ్లు పడతానే ఉండాయి సార్," అంది నాతో. "బకెట్టు ఇంకా బిరీన కిందికి తిరుగుతా ఉండాది. దాన్ని దాటి బయటపడలేవు, అంతే."

అలవాటుగా బోర్డు వైపు చూసింది. 'ఇంకోసారి చూడు' అనే మనిషి అక్కడ లేడు. తల్లి వైపు తిరిగింది.

"పరీక్ష అయినాకే యూనిట్టుమా. రోజూ ఈడికే వస్తా."

గది తాళం అడిగింది. తల్లి ఆ రెండు బాణాలను చాలాసేపు చూసి, "ఇచ్చేయండమ్మా" అంది.

అక్క తాళం ఇచ్చింది. ఆ బోర్డు ముందు నిలబెట్టడానికి అటువంటి గురువును ఎక్కడ వెతకాలో మాకు తెలియదు. కవిత మాత్రం రోజూ వస్తోంది. ముట్టకుండా లాగేది భూమి ఒక్కటే అన్న మా బావ మాట, ఆయన లేని గదికి ఆమె మెట్లెక్కుతుంటే చూసినప్పుడల్లా నాలో కుదురుగా నిలవడం లేదు.