హాలిఫాక్స్‌లో నెల దీవెన, ఒక తెలుగు తిట్టు

రూత్ ఫోన్ చేసినప్పుడు నేను ఆటవా శివారు కనాటాలో మా గరాజ్ ముందు రాలిన ఆకులు ఊడుస్తున్నాను. హలో కూడా అనకుండా, "రావ్, 'డుంపటెగా' అంటే ఏమిటి?" అని అడిగింది.

రూత్ భర్త హార్వీ, నేనూ ఇక్కడి ఒక టెలికాం కంపెనీలో ఇరవై ఏళ్ళకు పైగా పక్కపక్కన కూర్చుని పనిచేశాం. రిటైరయ్యాక అతను సొంతూరు హాలిఫాక్స్ వెళ్ళిపోయాడు. రెండు నెలల క్రితం స్ట్రోక్ వచ్చింది. కాళ్ళూ చేతులూ బాగానే ఉన్నాయి, మాటే పోయింది. పెళ్ళాం పేరు పలకడం రాదు, ఉప్పు కావాలని అడగడం రాదు. నోట్లోంచి వచ్చేది ఈ ఒక్క ముక్కే. స్పీచ్ థెరపిస్ట్ దాన్ని అర్థంలేని శబ్దం అందట.

నవ్వాలో ఏడవాలో తెలీలేదు. ల్యాబ్‌లో టెస్ట్ ఫెయిలైనప్పుడల్లా నేను "దీని దుంప తెగ" అనేవాణ్ణి. హార్వీ అది పట్టేశాడు. మీటింగుల్లో కూడా వాడేవాడు. మేనేజర్లు అదేదో ఇండియన్ ఆశీర్వచనం అనుకునేవాళ్ళు.

"అది శబ్దం కాదు రూత్, మా భాషలో తిట్టు" అన్నాను.

అవతల ముక్కు చీదిన చప్పుడు. "అయితే సరైన చోటే వాడుతున్నాడు! నిన్న ఇన్సూరెన్స్ వాళ్ళ ఫోన్ పెట్టేశాక అన్నాడు" అంది. ఆ తర్వాత అసలు సంగతి చెప్పింది. వచ్చే శనివారం వాళ్ళ సినగాగ్‌లో, అంటే యూదుల ప్రార్థన మందిరంలో, కొత్త నెలకి దీవెన. ఏళ్ళ తరబడి అది చదివేది హార్వీయే. ఈసారి ఇంకొకరు చదువుతారంటే ఒప్పుకోవడం లేదు. వేలితో తన గుండెని పొడిచి చూపిస్తున్నాడు, నేనే అని. "నువ్వొస్తే ధైర్యంగా ఉంటుంది. తనకో నాకో తెలీదు" అంది.

మా ఆవిడ శారద పంచాంగం చూసింది. "అమావాస్యని నెత్తిమీద పెట్టుకుని ప్రయాణమా? సోమవారం దీపావళి."

"వాళ్ళకీ అమావాస్యతోనే నెల మారుతుందట."

"వాళ్ళ అమావాస్య వాళ్ళిష్టం. సోమవారం చీకటిపడేలోపు నువ్వు ఇంట్లో ఉండాలి" అని పులిహోర కట్టిచ్చింది.

బుధవారం పొద్దున్నే ఆటవా స్టేషన్‌లో రైలెక్కి మధ్యాహ్నానికి మాంట్రియల్ చేరాను. హాలిఫాక్స్ రైలు రాత్రి ఏడింటికి. బెర్త్ రేటు చూసి, కూర్చునే వెళ్దాంలే అనుకున్నాను. మీరెవరైనా వెళ్తే ఆ తెలివితేటలు చూపించకండి. అరవై దాటిన నడుముకి పొదుపు అర్థం కాదు. తెల్లారాక న్యూ బ్రన్స్‌విక్ అంతా చెట్లే. మొదటి గంట కళ్ళు తిప్పుకోలేం, రెండో గంట నుంచి కళ్ళు మూసుకోవచ్చు.

గురువారం సాయంత్రం ఆరు దాటాక దిగాను. ప్లాట్‌ఫామ్ చివర హార్వీ నించుని ఉన్నాడు, బాగా చిక్కిపోయి. నన్ను వాటేసుకుని, నోరు తెరిచి, చాలాసేపు వెతుక్కుని, "దీని దుంప తెగ" అన్నాడు. నా జన్మలో అంత మంచి స్వాగతం ఎవరూ చెప్పలేదు.

శుక్రవారం పొద్దున ఫెర్రీలో రేవు అవతలి ఒడ్డు డార్ట్‌మత్ దాకా వెళ్ళొచ్చాం. హార్వీ రైలింగ్ పట్టుకుని ప్రార్థన పాడాడు. అవును, పాడాడు. మాట్లాడలేనివాళ్ళు కొందరు పాడగలరట. హీబ్రూలో గడగడా, ఒక్క అక్షరం తడబడకుండా. ఇక భయమేముంది అనుకున్నాను.

భయం ఎక్కడుందో ఇంటికొచ్చాక తెలిసింది. ప్రార్థనకి ముందు, కొత్త చంద్రుడు ఎప్పుడు పుడతాడో జెరూసలేం టైము ప్రకారం చెప్పాలి. వారం, గంటలు, నిమిషాలు, ఆపైన ముక్కలు. నిమిషాన్ని పద్దెనిమిది ముక్కలు చేశారు మహానుభావులు. ఘడియలూ విఘడియలూ గుణించే మన సిద్ధాంతులు వింటే తమ్ముళ్ళూ అని కావలించుకుంటారు. ఈ లెక్క నెలనెలా మారుతుంది, పాట కాదు, ఉత్త మాట. హార్వీ "మంగళ" దగ్గరే ఆగిపోయాడు. మళ్ళీ మొదలెట్టాడు, మళ్ళీ ఆగిపోయాడు.

"పోనీలే హార్వీ, ఆ ఒక్క లైనూ వేరేవాళ్ళు చెప్తారు" అంది రూత్ మెల్లగా.

అతను బల్లమీద చేత్తో కొట్టి వరండాలోకి వెళ్ళిపోయాడు.

నేను వంటింట్లో టీ తాగుతూ ఆలోచించాను. చిన్నప్పుడు అంకెలు మేం మాత్రం మాట్లాడామా? "రెండొకట్ల రెండు, రెండు రెళ్ళు నాలుగు" అని ఊగుతూ పాడాం. రూత్‌కి పాడి వినిపించాను. చంద్రుడి టైము కూడా అదే రాగంలో పెట్టి, ఇంగ్లీషులో, బడిపిల్లాడిలా ఊగుతూ పాడాను. ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నాలుగోసారి పాడుతుంటే వెనకనుంచి రెండో గొంతు కలిసింది. హార్వీ గుమ్మంలో నించుని ఊగుతున్నాడు.

శనివారం తొమ్మిదిన్నరకి సినగాగ్. గుమ్మం దగ్గర చిన్న టోపీ ఇచ్చారు. జుట్టున్నవాళ్ళు పిన్ను పెట్టుకుంటారు. నా బట్టతల మీద అది ఐదుసార్లు జారింది. హీబ్రూ కుడినుంచి ఎడమకి చదువుతారు; పుస్తకం మన అలవాటు ప్రకారం తెరిస్తే చివరి పేజీ వచ్చింది, అంటే నేను కూర్చోగానే ప్రార్థన పూర్తిచేశానన్నమాట. ముప్పై మంది ఉంటారు, చాలామంది నాకంటే పెద్దవాళ్ళు. మూడు గంటల కార్యక్రమం. మన పెళ్ళిళ్ళకి వెళ్ళేవాడికి అదో లెక్కా?

హార్వీ వాళ్ళ పవిత్ర గ్రంథం తోరా చుట్టని భుజానికి ఆనించుకుని నించున్నాడు. అందరూ లేచారు. ఎక్కాల రాగం మొదలవగానే తలలన్నీ పుస్తకాల్లోంచి పైకి లేచాయి. వారం వచ్చింది. గంటలు వచ్చాయి. నిమిషాల దగ్గర ఆగిపోయింది.

పెదవులు కదులుతున్నాయి, గొంతు రావడం లేదు. నా పక్కన రూత్ ముందు కుర్చీ పట్టుకుంది. ఎవరో దగ్గారు. నేను అందిద్దామనుకుంటే అంకెలు నాకే గుర్తురాలేదు.

"దీని దుంప తెగ!" అన్నాడు హార్వీ, పైకప్పు దాకా ఖంగుమని మోగేలా.

నా వెనక వరసలో తొంభైకి దగ్గరపడ్డ ఒక ముసలావిడ, ఇదేదో ప్రాచీన భాష అనుకుందేమో, భక్తిగా, గట్టిగా, "ఆమేన్!" అంది.

హార్వీ భుజాలు అదిరాయి. నవ్వుతున్నాడు. ఆ నవ్వులోంచి నిమిషాలు జారి వచ్చాయి, వాటి వెనకే ముక్కలూ వచ్చేశాయి. ఆ తర్వాత ప్రార్థన ఎత్తుకున్నాడు. దీర్ఘాయువు, శాంతి, తిండికి లోటులేని బతుకు. ఒకచోట రూత్ తన పుస్తకం నావైపు తిప్పి ఇంగ్లీషు అర్థం వేలితో చూపించింది. సిగ్గూ అవమానమూ లేని బతుకు ఇవ్వమని ఉందక్కడ. అదే వాక్యం అప్పుడు హార్వీ నోట్లో ఉంది, నిబ్బరంగా, ల్యాబ్‌లో నాకు తెలిసిన పాత గొంతుతో. నేను కళ్ళద్దాలు తుడుచుకున్నాను. టోపీ మళ్ళీ జారింది.

తర్వాత కింద హాల్లో భోజనం. ఊరబెట్టిన చేపముక్కలకి ఒక నమస్కారం పెట్టి, నూడుల్స్‌తో చేసిన తియ్యటి కుగెల్ రెండుసార్లు వడ్డించుకున్నాను. ఆమేన్ అన్న ముసలావిడ ప్లేటు పట్టుకుని వచ్చింది.

"హార్వీ ఇవాళ కొత్తగా ఏదో చేర్చాడు. చాలా బాగుంది. ఏ ప్రాంతపు సంప్రదాయం?"

"ఆంధ్రా అండి" అన్నాను.

ఆవిడ గౌరవంగా తల ఊపింది.

ఆదివారం ఒంటిగంట రైలుకి ఇద్దరూ వచ్చారు. ఈసారి బెర్త్ కొనుక్కున్నాను. మెట్టు ఎక్కబోతుంటే హార్వీ నా చెయ్యి పట్టుకుని, కళ్ళు మూసుకుని, కష్టపడి, "రా..." అన్నాడు. మిగతా అక్షరం రాలేదు. నా పేరు సగమే చెప్పానని మొహం చిన్నబుచ్చుకున్నాడు. "మా భాషలో అది పూర్తి మాటేరా. వస్తాలే" అన్నాను తెలుగులోనే. రూత్‌కి అర్థం కాలేదు. అతనికి అయిందనే అనుకుంటాను.

డైనింగ్ బోగీలో ఎదురుగా ఒకావిడ కూర్చుంది, యాభై ఏళ్ళుంటాయి. హాలిఫాక్స్‌లో ఏం చూశారని అడిగింది. కోట చూడలేదు, దీపస్తంభం చూడలేదు, మ్యూజియం చూడలేదు. "రాబోయే నెలని దీవించడం చూశాను" అని, వాళ్ళు చేసేదేమిటో చెప్పాను.

"నెల ఎలా ఉంటుందో తెలీకుండానే దీవిస్తారా?"

"తెలిశాక దీవించి ఏం లాభమండీ?"

ఆవిడ సూప్ గిన్నెలో స్పూన్ తిప్పింది. తను మాంట్రియల్ హాస్పిటల్‌కి వెళ్తున్నానని, ఈ వారంలో రిజల్ట్ చెప్తారని అంది. ఏం రిజల్టో చెప్పలేదు, నేను అడగలేదు.

"ఆ దీవెన మీకు వచ్చా?"

హీబ్రూ రాదు. మన మంత్రాలు కూడా రావు. నాకొచ్చిన భాషలో, "అంతా మంచే జరుగుతుందమ్మా" అన్నాను. ఆవిడ ఇంకోసారి చెప్పమంది. చెప్పాను. ఆ మాటల్ని ముక్కలు ముక్కలుగా పలికి, బాగా పలకలేదని తనే నవ్వి, సూప్ తాగడం మొదలుపెట్టింది.