రెండో సూది

మా అత్తమ్మవి పాము చెవులు. వంటింట్లో నేను సణిగే ప్రతి మాటా పెరటి అవతల మిరపతోటలో ఉన్న ఆమెకు వినపడేది. "వినపడ్డది లే" అని అక్కణ్ణుంచే కేకేసేది. నాకు ఒళ్లు మండేది. చండ్రుగొండకు కాపురానికొచ్చిన కొత్తలో, ఈమెకు చెవుడొస్తే బాగుండునని అనుకున్నాను కూడా. అబద్ధం ఎందుకు చెప్పాలి.

ఎనభైల చివర్లో ఒక ఎండాకాలం ఆమె అరికాల్లో తుమ్మముల్లు దిగింది. జ్వరం తగ్గగానే మందులు మానేసి, మిగిలిన క్యాప్సూల్స్ పసుపు డబ్బా పక్కన దాచడం మా ఇంటి అలవాటు. అప్పుడక్కడ ఉన్నవి నావే, అంతకు ముందు నెల జ్వరానివి. ఆమె ఒకటి విప్పి పొడిని పుండు మీద చల్లుకుంది, ఇంకొకటి మింగింది. దవాఖానకు పోదామంటే "ముల్లు గుచ్చుకుంటే దవాఖాన ఏందే" అని నవ్వింది. మూడోనాటికి గడగడ వణుకుతూ, మనుషుల్ని గుర్తుపట్టడం మానేసింది.

ఖమ్మంలో డాక్టరమ్మ చూసి, విషం రక్తంలోకి పాకిందంది. అరకొరగా వాడిన మందులకు క్రిములు మొండికేస్తాయని నన్ను కోప్పడింది కూడా. రక్తం తీసి హైదరాబాదు పంపారు. అందులోని క్రిమి ఏ మందుకు లొంగుతుందో తెలిసేసరికి వారం పైనే పడుతుందన్నారు.

"ఒక్క మందుతోనే తగ్గొచ్చు. మొండి క్రిమైతే మటుకు అది చాలదు. ఇంకో మందు, రెండో సూది కలిపితే నాకు ధైర్యం. కాని దాంతో చెవులు పోవచ్చు. ఏం చేద్దామమ్మా?" అంది డాక్టరమ్మ.

మా ఆయన గోడకు ఆనుకుని నా వైపు చూశాడు. కన్నతల్లి సంగతి నన్నడుగుతాడేమని కోపమొచ్చింది.

"రెండూ ఇయ్యుండ్రి. మనిషి ఉంటే చాలు" అన్నాను.

జ్వరం దిగింది. పది రోజులకు హైదరాబాదు నుంచి కాగితం వచ్చింది. మొదటి మందు ఒక్కటే సరిపోయేదట. రెండోది వెంటనే ఆపేశారు. "ఆ రోజు మనకు తెలియదు కదా" అని డాక్టరమ్మ నా భుజం మీద చెయ్యి వేసింది. ఇంటికొచ్చాక అత్తమ్మ, చెవుల్లో కీచురాళ్లు అరుస్తున్నాయంది. నెల తిరిగేసరికి కీచురాళ్లూ లేవు, ఏ చప్పుడూ లేదు.

ఆ తర్వాత వంటింట్లో నేను కావాలనే గట్టిగా సణిగేదాన్ని. తోటలోంచి కేక వచ్చేది కాదు. ఆ కేక కోసం పొయ్యి ముందు కూర్చుని ఎన్నిసార్లు ఏడ్చానో.

రెండేళ్లకు నాకు కూతురు పుట్టింది. ఏడుపు వినపడదు కాబట్టి, అత్తమ్మ ఉయ్యాల తాడు కొసను కాలి బొటనవేలికి కట్టుకుని కూర్చునేది. తాడు గుంజితే పిల్ల లేచినట్టు. ఒక మధ్యాహ్నం ఇక దాచుకోలేక ఆమె ముందు చతికిలబడ్డాను.

"ఒక్క మందే సరిపోయేదంట అత్తమ్మా. రెండోది నేనే ఇయ్యమన్న. నీ చెవులు తీసింది నేనే."

ఆమె నా పెదాల్ని చూసింది, కళ్లను చూసింది. గబుక్కున తాడు తడుముకుంది.

"ఎందుకేడుస్తున్నవే? పిల్ల లేసిందా ఏంది? తాడు కదల్లేదే" అంది కంగారుగా.

లేవలేదని తల అడ్డంగా ఊపాను. నమ్మక, వంగి ఉయ్యాలలోకి తొంగి చూసి, కొంగుతో నా మొహం తుడిచింది.