ఎడ్వర్డ్ నోటి మాట

ఏ చెట్టు కింద నిలబడినా ఎడ్వర్డ్ నోట ఒకటే మాట: "పోతది." అటవీశాఖ ఉద్యోగమంతా ఉత్తరాది కొండల్లోని పైన్ చెట్ల అడవుల్లో బెరడు పురుగులతో కుస్తీ పట్టి, రిటైరయ్యాక శామీర్‌పేటలో ఇల్లు కట్టుకున్నాడు. ఆయన వీధిలో కనబడితే ఆడవాళ్లు కరివేపాకు మొక్కకు కొంగు అడ్డం పెట్టేవాళ్లు. ఎవరిదో పెళ్లిలో పందిరి గుంజకు కట్టిన అరటిచెట్టును చూసి కూడా అదే మాటన్నాడు. నరికి తెచ్చిన చెట్టు మరి, ఆయన తప్పేముంది?

పక్కింటి లచ్చయ్య ముచ్చటపడి పెరట్లో మూడు పైన్ చెట్లు పెంచాడు. ఈ ఎండాకాలం మొదట్లో ఆయన కన్నుమూశాడు. భార్య ఎలీషమ్మ మంచం పట్టింది. అన్నం పెడితే గోడవైపు తిరిగి పడుకునేది. పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేసినా లేవలేదు. ఈమె కూడా మామ వెనకే వెళ్లిపోతుందేమోనని కోడలు మనీషాకు లోలోపల ఒకటే బెంగ. ఆ బెంగలో చెట్లకు నీళ్లు పోయడం మరిచింది. నడిమి చెట్టు ఎర్రబారింది.

ఎడ్వర్డ్ వచ్చి గోటితో బెరడు లేపాడు. లోపల బియ్యపుగింజలంత పురుగులు.

"నీళ్లు లేక దూపగొన్న చెట్టునే పడ్తది బిడ్డా గీ పురుగు. నీళ్లు సాలినంతగుంటే చెట్టే బంక కార్చి దాన్ని ముంచుతది."

పురుగులకు రెక్కలొచ్చి పక్కచెట్ల మీద వాలకముందే ఆ చెట్టు కొట్టించి, బెరడంతా కాల్పించాడు. ఆ తర్వాత ఎలీషమ్మ పడుకున్న గది కిటికీ బయట నిలబడి, ఊరంతా వినేలా అన్నాడు:

"మిగిలిన రెండు గూడ పోతయ్."

"నీ నోట్లె మన్ను వడ," అంది లోపలి నుంచి ఎలీషమ్మ. మామ పోయాక ఆమె గొంతు మనీషా వినడం అదే మొదలు.

మర్నాడు పొద్దున్నే ఎలీషమ్మ గోడ పట్టుకుని, చెంబెడు నీళ్లతో పెరట్లోకి వచ్చింది. ఎడ్వర్డ్ ప్రహరీ మీంచి తొంగిచూసి, "పోతది," అన్నాడు. కొన్నాళ్లకు చెంబు బకెట్ అయింది. తిట్లు కూడా ఆ లెక్కనే పెరిగాయి. అంతలేసి తిట్లకు ఓపిక కావాలి కదా, పూటపూటకూ అన్నం అడిగి తినసాగింది.

మనీషా ఉండబట్టలేక గోడ దగ్గరికి వెళ్లింది.

"అంకుల్, గీ చెట్లు దక్కుతయా లేదా? నిజం జెప్పుర్రి."

"చెట్లకేమైంది బిడ్డా? దుక్క లెక్కున్నయ్," అన్నాడు ఎడ్వర్డ్ గొంతు తగ్గించి. "మీ అత్తమ్మనే దక్కదేమో అనుకున్న."

మనీషాకు కళ్లు చెమర్చాయి, నవ్వూ వచ్చింది. ఏదో అనబోతే, ఆయన వేలు పెదవుల మీద పెట్టుకుని, కొమ్మల వైపు చూస్తూ ఇంట్లోకి వినబడేలా పెద్దగా నిట్టూర్చాడు. లోపల బకెట్ చప్పుడైంది.