కాగితం మీద పెట్టడమే తరువాయి

మా అక్క కౌన్సెలర్. మేడ మీద రెండు గదులు. లోపలి గదిలో ఆమె, బయటి గదిలో నేను, నా బల్ల, టెలిఫోను. మనిషి ఎదురుగా కూర్చుంటే అక్కను మించినవాళ్లు లేరు. ఏడాది కింద చెప్పిన మాట కూడా గుర్తుండేది. ఆ మనిషి తలుపు దాటగానే మాత్రం ఏ పని ముందో ఏది వెనకో తేల్చుకోలేకపోయేది. ఒకే గంటకు ఇద్దరిని రమ్మనేది. కళ్లజోడు నెత్తిన పెట్టుకుని గదులన్నీ వెతికేది. వచ్చినవాళ్లకేమో పనిని చిన్న ముక్కలుగా విడగొట్టుకోమని చక్కగా చెప్పేది. నేను వెక్కిరిస్తే తనూ నవ్వేది. అది బద్ధకం కాదని అర్థం కావడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

ఒక బస్సు డ్రైవరు ఏడాదిగా వచ్చేవాడు. ఒకప్పటి కోపిష్టి. భార్య విడిపోయింది, కూతురికి ఆరేళ్లు. పాపను వారం వారం ఇంటికి తీసుకెళ్లాలంటే, అతను మారాడని అక్క రాసిచ్చే నివేదిక శుక్రవారానికల్లా కోర్టుకు చేరాలి.

"రాశావా అక్కా?"

"మనసులో మొత్తం రాసేశానే. కాగితం మీద పెట్టడమే తరువాయి."

ఈ తరువాయి నాకు కొత్త కాదు. సోమవారం, మంగళవారం చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. ఆమె మొదటి వాక్యం రాసేది, అతనికి న్యాయం చేసేలా లేదని కొట్టేసేది. బుధవారం నాకు తిక్కరేగింది. ఒక్క దెబ్బ తగిలితే గాని బుద్ధి రాదనుకుని నోరు మూసుకున్నాను. ఆమె చెబుతుంటే నేను రాసిపెడితే సరిపోయేది. ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు. దెబ్బ తగిలేది ఆమెకు కాదన్నదే తట్టలేదు.

శుక్రవారం నివేదిక లేకుండానే తీర్పు వచ్చింది. పాపను చూడటం నెలకొకసారి, ఒక గంట, కోర్టు ఆఫీసు గదిలో, అక్కడి ఉద్యోగి ఎదుట. మళ్లీ అడగాలంటే ఏడాది ఆగాలి.

సోమవారం అతను వచ్చాడు. అక్క తలుపు వేయడం కూడా మరిచిపోయి లేచి నిలబడింది.

"తప్పు నాదే. తిట్టండి."

"తిట్టాలనే బయల్దేరాను మేడమ్. మెట్లెక్కేసరికి తగ్గిపోయింది. మీరు నేర్పిందేగా." కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఇప్పుడైనా రాసివ్వండి. పాప పెద్దయ్యాక చూపిస్తాను."

నేను కాగితం, పెన్ను పట్టుకుని లోపలికి వెళ్లాను. అక్క చెప్పింది, నేను రాశాను, అతను తల వంచుకుని విన్నాడు. మొత్తం నలభై నిమిషాలు పట్టింది.