ఆదివారం రాత్రి శ్రోతలు

మా తెలుగు సంఘం సావనీరు ఎడిటరు అడిగిన ఒక్క ప్రశ్న వల్ల సాంబమూర్తి గారు, నేను సార్నియాకు బయలుదేరాల్సి వచ్చింది. టొరంటో పక్కనున్న రిచ్‌మండ్ హిల్‌లో ఆయనది మా వీధే, రిటైరైన ఇంజనీరు. ఒకప్పుడు సార్నియాలో ఉద్యోగం చేసేటప్పుడు ఆ ఊరి శివార్లలోని పాత ఏఎం రేడియో స్టేషన్‌లో ఆదివారం రాత్రుళ్లు అరగంట తెలుగు కార్యక్రమం నడిపేవారు. దాని మీద వ్యాసం రాసిస్తే, ఎడిటరు చదివి, "బాగుంది అంకుల్, కానీ అసలెవరైనా విన్నారా?" అన్నాడు. ఒక్క శ్రోతను చూపిస్తేనే వేస్తానన్నాడు. ఆ రోజు నుంచి సాంబమూర్తి గారికి అన్నం సయించలేదు.

సాయంత్రం టొరంటోలో రైలెక్కాం. సార్నియాకు రోజుకు ఒకటే రైలు. ఎక్కాక దానికీ తొందర లేదు, మాకూ లేదు. పులిహోర తింటూ ఆయన స్టేషన్ చరిత్ర చెప్పారు. రేడియో పుట్టిన కొత్తలో పెట్టిందట. నది దాటితే అమెరికా, ప్రకటనలిచ్చే షాపులన్నీ అటే. అందుకని రాత్రయితే టవర్లు అటువైపే ప్రసారం చేసేవి. లైసెన్సు కెనడాది, చెవులు అమెరికావి. టొరంటోలోని తెలుగువాళ్లకు గరగర కూడా అందేది కాదు.

పక్క సీటు పెద్దమనిషిది సార్నియాయే. ఆ స్టేషన్ వినేవారా అని ఆశగా అడిగాం.

"లేదండీ, మేమంతా అమెరికా స్టేషన్లే వినేవాళ్లం," అన్నాడు.

రాత్రి మోటెల్లో పడుకుని, పొద్దున్నే టాక్సీ మాట్లాడుకున్నాం. బస్సు కోసం చూస్తే ఈ జన్మకు చేరేవాళ్లం కాదు. తీరా వెళ్తే స్టేషన్ లేదు, టవర్లు లేవు. గడ్డిలో ఒక సిమెంటు దిమ్మె, పక్కన మొక్కజొన్న తోట, ఒక పాత ఇల్లు. ఆయన ముఖం చూడలేక, వీడియో తీస్తాను, దిమ్మె ఎక్కి ఏదైనా చెప్పమన్నాను. గొంతు సవరించుకుని, "శ్రోతలందరికీ సాంబమూర్తి నమస్కారాలు," అన్నారు.

ఆ ఇంటి వరండాలోంచి ఒక ముసలావిడ గబగబా దిగివచ్చింది. ఈ గొంతు తనకు తెలుసంది.

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. కార్యక్రమం నచ్చేదా అని ఇంగ్లీషులో అడిగారు.

మొక్కజొన్న తినిపోయే రకూన్లనే అడవి జంతువులను బెదరగొట్టడానికి రాత్రంతా తోటలో రేడియో పెట్టేదట. ఇంగ్లీషుకు అవి అలవాటు పడిపోయాయట. "మీరు మొదలుపెడితే మాత్రం ఒక్కటీ నిలిచేది కాదు," అంది మెచ్చుకోలుగా.

నాకు నవ్వాగలేదు. ఆయన మాత్రం తలవంచుకున్నారు. అప్పుడావిడ మెల్లగా అంది: "చివర్లో మీరేదో చెప్పి మీరే నవ్వేవారు. ఏమిటో తెలియదు గానీ, ఇక్కడ కూర్చుని నేనూ నవ్వేదాన్ని."

మర్నాడు తిరుగు రైలెక్కాం. ఎడిటరుకు ఏం చెప్పాలా అని నాకు ఒకటే బెంగ. టొరంటో దగ్గర పడుతుండగా ఆయనే అన్నారు.

"రకూన్లు లేచి పారిపోయాయి, నిజమే. ఆవిడ లేవలేదు కదండీ. అది వేయమనండి."