సూది ఎర్రగీత వైపు కదిలినప్పుడు: జంషెడ్‌పూర్‌లో మా పాత మోటార్‌హోమ్‌కి కొత్త రేడియేటర్

మా ఆయన రఘు ఉద్యోగం మానేసిన ఏడాది ఇద్దరం కలిసి ముప్పై ఎనిమిదేళ్ల నాటి మోటార్‌హోమ్ ఒకటి కొన్నాం. చిన్న లారీ మీద మంచం, వంటగట్టు అమర్చిన బండి. విశాఖపట్నం నుంచి రాంచీ వెళ్లాలని బయల్దేరితే ఘాట్‌శిలా దగ్గర ఇంజను మరిగింది. రఘు తొందరపడి రేడియేటర్ మూత తిప్పాడు. వేడినీళ్లు ఎగజిమ్మి కుడిచెయ్యి మణికట్టు దాకా కాలిపోయింది. అతను పెట్టిన కేక ఆ తర్వాత చాలా రోజులు నాకు నిద్రలోనూ వినబడింది.

బండిని జంషెడ్‌పూర్‌కి లాగించి, పర్సుడీహ్‌లో అప్పారావు గారి షెడ్డులో పెట్టాం. ఆయన తండ్రి రైల్వే పనికని శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయారట. బానెట్ ఎత్తి చూసి, “ఏటమ్మా, ఇంత బరువు బండికి ఇంత సిన్న రేడియేటరా? గరం అవకేటవుద్ది?” అన్నారు. మందమైన కొత్త రేడియేటర్, కరెంటు ఫ్యాను, కొత్త నీళ్ల పంపు, గొట్టాలు. నాలుగు రోజులు, ముప్పై రెండు వేలు. మేం దగ్గర్లోనే జుగ్సలాయిలో గది తీసుకున్నాం.

అయిదో రోజు ఉదయం ఏడింటికి బయల్దేరాం. రఘు చేతికి కట్టు ఉంది కాబట్టి స్టీరింగ్ నాది. నేను అంతకుముందు కారు తప్ప ఏదీ నడపలేదు. దారిలో చూసుకోడానికి అప్పారావు గారూ ఎక్కారు. ఊరి చివర నది మీది మాంగో వంతెన దాటి రాంచీ హైవే పట్టాం. నా కళ్లు రోడ్డు మీద తక్కువ, వేడి చూపించే సూది మీద ఎక్కువ. చాండిల్ దాటాక ఒక ఎత్తు మీద అది కదిలింది. సగం దాటింది. ఆగలేదు.

“అప్పారావు గారూ, సూది పైకి పోతోంది!”

“కంగారు పడకండమ్మా. ఆరామ్ సే పక్కకి తీసీండి.”

పక్కకి తీయడానికి చోటేదీ? వెనక లోడు లారీ హారన్ ఆపడం లేదు. అరచేతుల చెమటకి స్టీరింగ్ జారుతోంది. సూది ఎర్రగీతను తాకేవేళకి కాస్త వెడల్పైన చోటు దొరికింది. ఇంజను ఆపేసరికి రఘు దిగి ముందుకు నడిచాడు.

“ముట్టుకోకు!” అని అరిచాను.

అతను బానెట్‌కి నాలుగడుగుల దూరంలోనే నిలబడిపోయాడు, కట్టు కట్టిన చేతిని గుండెకి ఆనించుకుని. “నేను తియ్యనులే,” అన్నాడు. నాకంటే అతనికే ఎక్కువ భయంగా ఉందని అప్పుడు అర్థమైంది.

“నీళ్ల గొట్టాల్లో గాలుండిపోనాదమ్మా,” అన్నారు అప్పారావు గారు తలదించుకుని. “నీళ్లు పోసినపుడు నానే సూసుకోనేదు. గలతీ నాది. గొట్టం సల్లబడేదాకా మూత జోలికెళ్లొద్దు.”

గంటసేపు ఎదురుచూశాం. ఆయన గుడ్డ వేసి మూత తిప్పుతుంటే మేమిద్దరం చెట్టు దాకా వెనక్కి వెళ్లిపోయాం. చిన్న బుస్సుమన్న శబ్దం, అంతే. ఇంజను మెల్లగా ఆడిస్తూ అరబకెట్ నీళ్లు పోశారు. బుడగలు ఆగాక మూత బిగించారు. తైమారా ఘాటీ కొండదారి మొత్తం ఎక్కినా సూది సగం దగ్గరే ఉంది. నేను మాత్రం సూది మీంచి చూపు తిప్పలేదు. ఘాటీ దాటాక ఆయన్ని జంషెడ్‌పూర్ బస్సెక్కించాం.

కొత్త రేడియేటర్ ఇంజనును చల్లబరిచింది గానీ నా భయాన్ని కాదు. రాంచీ చేరి బండి ఆపాక కూడా ముందు సూది వైపే చూశాను. అయినా ఆ గంటసేపు ముగ్గురినీ మూతకి దూరంగా నిలబెట్టింది ఆ భయమే. దాన్ని పోగొట్టుకోవాలని ఇప్పుడు నాకు లేదు.

మీరూ పాత బండికి ఈ పని చేయిస్తే, బండి ముందరి చక్రాలు ఎత్తులో ఉంచి, లోపలి గాలి బయటికొచ్చేలా నీళ్లు పోయించండి. బుడగలు పూర్తిగా ఆగాయని మీ కళ్లతో చూశాకే షెడ్డు దాటండి.